ఫలక్‌నుమా: అప్పు చేసి కట్టిన మేడ

గోల్కొండ మీద రాసినప్పుడు ఫలక్‌నుమా మీద కూడా రాయమని చాలామంది అడిగారు. ఈ శుక్రవారం దానికే కూర్చున్నం. కొంచెం పొడుగైంది. టీ పెట్టుకొని చదవండి.

ఫలక్‌నుమా అంటే ఇప్పుడు అందరికీ తాజ్ హోటల్ గుర్తొస్తుంది. ఇంకొందరికి సికింద్రాబాద్ నుంచి హౌరా పోయే రైలు గుర్తొస్తుంది. ఆ ప్యాలెస్ నిజాం కట్టించాడని చాలామంది అనుకుంటరు. మా రూమ్‌లో ఆరుగురిలో నలుగురు అట్లనే అనుకున్నరు. కానీ కట్టించింది నిజాం కాదు. ఆయన కొలువులో ఉన్న ఒక నవాబు కట్టించాడు. పేరు వికార్-ఉల్-ఉమ్రా. నిజాం చేతికి అది తర్వాత పోయింది. ఎట్ల పోయింది, ఎందుకు పోయింది అన్న దగ్గరే మన లాంటోళ్ళు ఆగి చూడాల్సిన కథ ఉంది.

ఈ వికార్-ఉల్-ఉమ్రా పైగా వంశం వాడు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం తర్వాత అంత పెద్ద కుటుంబం ఇంకోటి లేదు. నిజాం సైన్యం బాగోగులు చూడడానికి వీళ్ళకు జాగీర్లు ఇచ్చారు. ఆ జాగీర్లు అన్నీ కలిపితే నాలుగు వేల చదరపు మైళ్ళు ఉండేవని లెక్క. నిజాం ఇంటి ఆడపిల్లలను వీళ్ళకే ఇచ్చేవారు. వికార్-ఉల్-ఉమ్రా భార్య కూడా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు స్వంత అక్క. అంటే బావా బామ్మర్దులు అన్నమాట.

పైగాలు ఎవరో తెలియదని అనకండి. మనందరికీ వాళ్ళ పేర్లు తెలుసు, తెలియకుండానే రోజూ పలుకుతున్నం. మనం విమానం ఎక్కే శంషాబాద్ ఉంది చూడండి, ఆ పేరు పైగాల పెద్ద బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా మీద వచ్చింది. వికారాబాద్ ఈ వికార్-ఉల్-ఉమ్రా పేరు మీదనే. ఆయన దాయాది ఆస్మాన్ జా బషీర్‌బాగ్‌లో ప్యాలెస్ కట్టించుకున్నాడు. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు, బస్టాప్ పేరు మాత్రం మిగిలింది. ఇంకో దాయాది ఖుర్షీద్ జా దేవిడీ హుస్సేనీ ఆలంలో ఉంది. పెద్ద పెద్ద స్తంభాలతో నిలబడి ఉంది గానీ, సున్నం రాలిపోయి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఈ దాయాదుల పోటీ కూడా మనసులో పెట్టుకోవాలి. పాత నగరంలో నవాబులు దేవిడీల్లో ఉండేవారు. గోడలు ఎత్తుగా, వాకిలి ఇరుకుగా, లోపల పెద్ద మండువాలు. ఎండాకాలం వస్తే ఆ గల్లీల్లో గాలి ఆడదు. డబ్బున్నోళ్ళు ఊరి బయట తోటల్లో, గుట్టల మీద ఇంకో ఇల్లు కట్టుకునేవారు. ఇది హైదరాబాద్‌లోనే పుట్టిన అలవాటు కాదు. ఇక్కడ సౌదీలో కూడా ఎండాకాలం మక్కా పెద్దలు తాయిఫ్ గుట్టలెక్కేవారు. అక్కడ షరీఫుల కుటుంబం కట్టించిన షుబ్రా ప్యాలెస్ ఉంది, తర్వాత రాజు అబ్దుల్ అజీజ్ కూడా అందులో ఉండేవాడు. ఇప్పుడు మ్యూజియం చేశారు.

యూరప్‌లో వియన్నాలో అయితే అచ్చంగా మన ఫలక్‌నుమా కథే నూట డెబ్బై ఏళ్ళ ముందు జరిగింది. ప్రిన్స్ యూజీన్ అని ఒక సేనాపతి, టర్కీ వాళ్ళ మీద యుద్ధాలు గెలిచి బాగా సంపాదించాడు. ఊరి గోడ బయట ఎత్తు మీద వేసవి కోసం బెల్వెడేర్ అని మేడ కట్టించాడు. 1723 నాటికి పై మేడ పూర్తయింది. ఆయనకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. 1736లో పోయాక ఆస్తి తమ్ముడి కూతురుకో అన్న కూతురుకో పోతే, ఆమె 1752లో ఆ మేడను మహారాణి మరియా థెరీసాకు అమ్మేసింది. సేవకుడు కట్టడం, రాజు తీసుకోవడం. ఆ బెల్వెడేర్‌లో తర్వాత ఉన్న యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, 1914లో కాల్చి చంపితే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది చూడండి, ఆయన 1893 జనవరిలో మన హైదరాబాద్‌కు వచ్చి నిజాం అతిథిగా ఉండిపోయాడు. అప్పటికి ఫలక్‌నుమా పని ముగింపులో ఉంది.

ఇక కట్టుబడి సంగతికి వద్దాం. ఇది మా పని కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడుతం.

1884 ఫిబ్రవరిలో మహబూబ్ అలీ ఖాన్‌కు పద్దెనిమిదో ఏడు నడుస్తుండగా వైస్రాయ్ రిప్పన్ హైదరాబాద్ వచ్చి రాజ్యాధికారం చేతిలో పెట్టాడు. సరిగ్గా నెల తిరగకముందే, మార్చి 3న, వికార్-ఉల్-ఉమ్రా చార్మినార్‌కు ఐదు కిలోమీటర్ల దూరంలో కోహె తూర్ అనే గుట్ట మీద పునాది రాయి వేశాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. బామ్మర్ది గద్దె మీద కూర్చున్నాడు, జాగీర్లున్నాయి, వయసుంది. అట్లాంటప్పుడు ఎవరైనా చిన్న ఇల్లు గీయమని ఇంజనీరుకు చెప్తరా? ప్లాన్ గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్.

నెట్లో చూస్తే ప్యాలెస్ హైదరాబాద్ మీద 2,000 అడుగుల ఎత్తులో ఉందని రాస్తరు. అంత ఎత్తుంటే అది గుట్ట కాదు, పెద్ద కొండ అయ్యేది. ఆ 2,000 అడుగులు సముద్ర మట్టం నుంచి లెక్క. హైదరాబాద్ నగరమే సుమారు 1,750 అడుగుల మీద ఉంది. తీసేస్తే గుట్ట ఎత్తు రెండు రెండున్నర వందల అడుగులు తేలుతుంది. లెవెల్ చూసే పని చేసేటోళ్ళం, ఇట్లాంటివి చదివితే ఊరుకోలేం. అయినా రెండు వందల అడుగులు తక్కువేం కాదు. ఎడ్లబండి మీద రాయి వేసుకొని ఆ ఏటవాలు ఎక్కించి చూస్తే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా రాస్తరు, మొత్తం ఇటాలియన్ మార్బుల్‌తో కట్టారని. అది కూడా అట్లనే. మెట్లు, కింద పరుపు, ముందున్న ఫౌంటెన్, లోపల కొన్ని గోడల కింది భాగం మార్బుల్. కానీ మార్బుల్‌తో అంత పెద్ద గోడ ఎవరూ లేపరు. ఆ కాలపు హైదరాబాద్ కట్టడం అంటే రాయి, ఇటుక, డంగు సున్నం. మన దేశంలో సిమెంటు తయారు కావడం 1904 తర్వాతి ముచ్చట. సున్నం అంటే ఇప్పుడు గోడకు వెల్ల వేసే సున్నం అనుకోకండి. గుండ్రంగా తవ్విన గాడిలో రాతి చక్రం వేసి, ఎద్దును కట్టి తిప్పుతూ సున్నం, ఇసుక కలిపి నూరేవారు. దాన్నే గానుగ సున్నం అంటరు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవారు. మా రూమ్‌లో కడప అన్న వాళ్ళ తాత గానుగ తోలినోడు. గానుగ సున్నం ఎంత నూరితే అంత గట్టిదనం, తొందర పెడితే గోడ చెడుతుందని చెప్పేవాడట. ఇక్కడ రెడీ మిక్స్ బండి వచ్చి గంటన్నరలో పోసెయ్యకపోతే కాంక్రీటు పనికిరాదు. రెండూ పనులే. పద్ధతులు వేరు.

మార్బుల్ ఎట్ల వచ్చి ఉంటుందో ఆలోచించండి. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఇటలీలో ఓడ ఎక్కిన రాయి ఆ కాలువలోంచి ఎర్ర సముద్రంలోకి, మన జెడ్డా ముందునుంచే బొంబాయి పోవాలి. బొంబాయిలో దింపి రైలుకెక్కించాలి. వాడి నుంచి హైదరాబాద్ దాకా రైలు పట్టా 1874లోనే పడింది. ఆ రెండూ లేకపోతే ఫలక్‌నుమా ఇప్పుడున్నట్టు ఉండేది కాదు. స్టేషన్ నుంచి గుట్ట దాకా మళ్ళీ ఎడ్లబండి. రాయి పగలకుండా గడ్డి పెట్టి కట్టి, మూలలు ఊడకుండా దింపి, పైకి తీసుకపోవాలి. మా సైట్‌లో క్రేన్ ఉండి, రిగ్గర్ ఉండి, సేఫ్టీ ఆఫీసర్ ఉండి కూడా పలక దింపేటప్పుడు ఊపిరి బిగపట్టుకుంటం.

ప్యాలెస్ ఆకారం పై నుంచి చూస్తే తేలు లెక్క ఉంటుందంటరు. ముందు రెండు రెక్కలు చాచినట్టు, వెనక్కి వంటశాల, గోల్ బంగ్లా, జనానా మహల్ సాగి ఉంటయి. 32 ఎకరాల స్థలం. 60 గదులు, 22 హాళ్ళు. లైబ్రరీ పైకప్పు వాల్‌నట్ చెక్కతో చెక్కించారు, ఇంగ్లండ్‌లో విండ్సర్ కోట లైబ్రరీని చూసి చేసిందట. షాండిలియర్లు ఆస్లర్ కంపెనీవి. భోజనాల బల్ల పొడుగు 108 అడుగులు, ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. ఒక కొసన కూర్చుని మెల్లగా మాట్లాడితే ఇంకో కొసన వినిపిస్తుందంటరు. మా క్యాంపు మెస్ హాల్లో నాలుగు వందల మంది తింటం, పక్కోడు అరిచినా వినిపించదు.

వికార్-ఉల్-ఉమ్రా పని పూర్తయ్యేదాకా ఆగలేదు. 1890 డిసెంబర్‌లోనే వెనక భాగంలోకి, గోల్ బంగ్లా జనానాలోకి మారి, అక్కడుండి ముందు భాగం పనులు దగ్గరుండి చూసుకున్నాడు. ఓనరు సైట్ మీద కాపురం పెడితే ఏమైతదో ఈ లైన్‌లో ఉన్నోళ్ళకు చెప్పక్కరలేదు. పొద్దున లేస్తే ఇది మార్చు, అది పెంచు, ఇక్కడ ఇంకో అద్దం పెట్టు. మొత్తం తొమ్మిదేళ్ళు పట్టింది. ఖర్చు నలభై లక్షలు అయిందని రాస్తరు. ఆ కాలపు నలభై లక్షలు.

ఈ నలభై లక్షలు ఎక్కడివి? జాగీరు ఊళ్ళనుంచి. వికారాబాద్ చుట్టుపక్కల జొన్న, కంది పండించిన రైతు కట్టిన శిస్తు. జాగీరు ఊళ్ళల్లో పన్ను నిజాం ఖజానాకు పోదు, జాగీర్దారుకు పోతుంది. గుట్ట మీద మేడ గురించి రాసినోళ్ళు చాలామంది నవాబు రుచి గొప్పదని రాస్తరు. రుచి గొప్పదే, మేము కాదనం. కానీ ఆ ఇటలీ రాయి ఖరీదు కట్టింది తెలుగు, కన్నడ పల్లెల్లో పొలం దున్నినోడు అన్న మాట కూడా ఒక వాక్యం రాస్తే పోయేదేం లేదు.

శిస్తు కూడా సరిపోలేదు. బెంగాల్ బ్యాంకు దగ్గర అప్పు తెచ్చారు. బెంగాల్ బ్యాంకు అంటే 1921లో మరో రెండు బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయి, 1955లో స్టేట్ బ్యాంకు అయ్యింది. అంటే మనం ఇంటి లోను కోసం పాసుబుక్కు పట్టుకొని నిలబడే ఎస్‌బీఐకి ఇది తాత. నవాబు గారు కూడా ఒకరకంగా మన క్యూలోనే ఉన్నాడు, మన ముందు ఓ నూట ముప్పై ఏళ్ళ క్రితం.

ఇల్లు పూర్తయింది, అప్పు మిగిలింది. ఆ సమయానికి ఆయన హైదరాబాద్ రాజ్యానికి దివాన్, అంటే ప్రధానమంత్రి. బయట చూస్తే ఆయనకేం తక్కువ అనుకుంటరు. ఇక్కడ ఒక కథ చెప్తరు. 1897 ఎండాకాలం ముందు నిజాం మహబూబ్ అలీని ఫలక్‌నుమాకు ఆతిథ్యానికి పిలిచారు. రెండు రోజులు ఉండి పోతాడనుకుంటే వారం ఉన్నాడు. వారం పదిహేను రోజులైంది, పదిహేను రోజులు నెలైంది. నిజాంకు ఇల్లు నచ్చిందని అందరికీ అర్థమైంది. అప్పుడు వికార్-ఉల్-ఉమ్రా భార్య, నిజాం అక్క, భర్తకు ఒక ఉపాయం చెప్పిందట. ఇల్లు నీకు నజరానాగా ఇస్తున్నా అని నిజాంకు చెప్పమంది. నజరానా అంటే కానుక. రాజు కానుక ఊరికే తీసుకుంటే రాజుకే చిన్నతనం. మహబూబ్ అలీ కానుక తీసుకున్నాడు, ఖరీదు కూడా ఇచ్చాడు. ఎంత ఇచ్చాడు అన్నదానికి ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క ఉంది. 1897, 98 నాటికి ఫలక్‌నుమా నిజాం ఇల్లు అయిపోయింది.

ఈ కథ మాటకు మాట ఇట్లనే జరిగిందా అంటే, దర్బారు కథలకు చిలవలు పలవలు ఉంటయి. కానీ అప్పు నిజం, చేతులు మారడం నిజం. మాకు నచ్చింది ఆ అక్క తెలివి. అప్పులో ఉన్నం, కొనుక్కో అని తమ్ముణ్ణి అడిగితే భర్త పరువు పోతుంది, దివాన్ పదవికే మచ్చ. కానుక అంటే పరువు మిగిలింది, అప్పు తీరింది. ఊళ్ళల్లో కూడా మొగోడు పరువు అని గుంజుకుంటున్నప్పుడు దారి చూపించేది ఇంటి ఆడమనిషే.

ఈ ముచ్చట మా రూమ్‌లో చదువుతుంటే జగిత్యాల తమ్ముడు లేచి బయటికి పోయాడు. ఎందుకు పోయాడో మాకు తెలుసు. మా దిక్కు ఊళ్ళల్లో గల్ఫ్ ఇల్లు అంటే ఒక లెక్కుంది. ముందు రెండు గుండ్రటి స్తంభాలు ఉండాలి. మెట్లకు స్టీలు రెయిలింగ్, మీద పెంట్ హౌస్, పక్కోడు ఒక అంతస్తు వేస్తే మనం రెండు. తమ్ముడు మూడేళ్ళ క్రితం మొదలుపెట్టాడు. స్లాబు పడింది. గ్రానైటు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఇప్పుడు పై అంతస్తు వెయ్యమని ఇంటి నుంచి ఫోన్లు, ఎందుకంటే బాబాయి కొడుకు దుబాయి నుంచి వచ్చి మూడు అంతస్తులు లేపాడు. ఆ ఇంట్లో ఉండేది ఎవరయ్యా అంటే తమ్ముడి అమ్మ ఒక్కతే. ఆమె మోకాళ్ళ నొప్పికి మెట్లెక్కలేదు.

మేము ఎవరికీ ఇల్లు కట్టుకోవద్దని చెప్పడానికి రాలేదు. కట్టే పని చేసేటోళ్ళం, కట్టొద్దని ఎట్ల అంటం. ఇరవై ఏళ్ళు ఎడారిలో వేరేవాళ్ళ గోడలు లేపినోడికి తన గోడ ఒకటి ఉండాలని ఉంటది, అందులో తప్పేముంది. మేము ఆ రాత్రి అంతా కూర్చుని తమ్ముడి లెక్క కాగితం మీద వేసినం. జీతం, ఓవర్‌టైమ్, ఇంటికి పంపేది, వడ్డీ, చెల్లె పెళ్ళి. పై అంతస్తు వేస్తే ఇంకా ఐదేళ్ళు ఇక్కడ. వెయ్యకపోతే రెండేళ్ళలో అప్పు తీరి పోవచ్చు. కడప అన్న అన్నాడు, దివాన్ గారికి కొనడానికి బామ్మర్ది నిజాం ఉన్నాడు, నీ బామ్మర్ది ఏం చేస్తాడు అని. తమ్ముడి బామ్మర్ది నిర్మల్‌లో ఆటో నడుపుతాడు. అందరం నవ్వినం, తమ్ముడూ నవ్వాడు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు. రిబార్ రేటు అడుగుతూ ఊరి మేస్త్రీకి ఫోన్ అయితే చేస్తూనే ఉన్నాడు.

సరే, ప్యాలెస్ దగ్గరికి వద్దాం. వికార్-ఉల్-ఉమ్రా 1901లో దివాన్ పదవి వదిలాడు, 1902లో పోయాడు. నలభై ఆరేళ్ళు నిండలేదు. తన గుట్ట మీద తాను హాయిగా ఉన్నది ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో, అదీ సగం పని నడుస్తుండగా. అంత అయినా కట్టే పిచ్చి పోలేదు ఆయనకు. స్పెయిన్ మసీదులు చూసి వచ్చి బేగంపేటలో అట్లాంటి మసీదు మొదలుపెట్టాడు, కొడుకు 1906లో పూర్తి చేశాడు. గుమ్మటం లేకుండా సూది మొనల్లాంటి శిఖరాలతో ఉంటుంది. దాన్ని స్పానిష్ మాస్క్ అంటరు. ప్యారడైజ్ నుంచి బేగంపేట పోతుంటే కనిపిస్తుంది. చూసినోళ్ళు చాలామంది చర్చి అనుకుంటరు.

మహబూబ్ అలీ పాషా ఫలక్‌నుమాను పెద్ద అతిథుల కోసం వాడుకున్నాడు. 1906లో ఇంగ్లండ్ యువరాజు, తర్వాత ఐదో జార్జ్ అయినాయన, భార్య మేరీతో వచ్చి దిగాడు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మంది కొట్టుకపోయారు, అఫ్జల్‌గంజ్ దిక్కు ఊరికి ఊరే పోయింది. గుట్ట మీద ఫలక్‌నుమాకు ఏం కాలేదు. మహబూబ్ పాషా గురించి తెలంగాణలో ముసలోళ్ళు ఇప్పటికీ మంచిగా చెప్తరు. పాము కరిస్తే ఆయన పేరు చెప్పి మొక్కుకునేవాళ్ళని మా పాలమూరు అన్న వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు కూడా 1890లో ఈయన మీదనే పెట్టారు. ఆ మహబూబ్ పాషా 1911 ఆగస్టులో ఫలక్‌నుమాలోనే కన్ను మూశాడు. వయసు నలభై ఐదు. కట్టినోడు నలభై ఐదుకే పోయాడు, కొన్నోడు నలభై ఐదుకే పోయాడు. మాలో ముగ్గురికి అటూ ఇటూ అదే వయసు, అందుకే ఆ అంకె దగ్గర ఆగినం.

కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఫలక్‌నుమా మీద మనసు లేదు. ఆయన కింగ్ కోఠీలో ఉండేవాడు. గుట్ట మీది మేడ గెస్ట్ హౌస్‌గా మిగిలింది. ఆయన పొదుపు గురించి, పేపర్ వెయిట్‌గా వాడుకున్న జాకబ్ వజ్రం గురించి అందరికీ తెలుసు, మళ్ళీ రాయం. 1937 ఫిబ్రవరిలో అమెరికా టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసి ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడని రాసింది.

ఆ తర్వాతి ఏడాది, 1938 మార్చిలో, మేము ఉన్న ఈ ధహ్రాన్‌లో దమ్మామ్ ఏడో నంబర్ బావిలో నూనె పడింది. అంతకుముందు ఆరు బావుల్లో సరైన లాభం రాలేదు. ఏడోది తవ్వి తవ్వి, ఖర్చు దండగ అనుకునే టైమ్‌కు పడింది. మేము పని చేసే చోటు నుంచి అది ఎంతో దూరం లేదు. ఒక ఏడాది తేడాలో ఒక రాజ్యం పత్రిక అట్ట మీద కూర్చుంది, ఇంకో చోట ఇసుక కింద నుంచి డబ్బు బయటపడింది. పదేళ్ళు తిరిగేసరికి 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యమే లేకుండా పోయింది. జాగీర్లు రద్దయినయి, పైగాలవి కూడా.

నూనె పడకముందు డబ్బు ఎటునుంచి ఎటు పోయేదో తెలుసా? హైదరాబాద్ నుంచి ఇటు. మక్కాలో ఇప్పటికీ నిజాం రుబాత్ ఉంది. పాత హైదరాబాద్ రాజ్యం జిల్లాల నుంచి హజ్‌కు వచ్చినోళ్ళకు ఉండడానికి వసతి. ఆ డబ్బు హైదరాబాద్‌ది.

మనుషులు కూడా అటే పోయేవాళ్ళు. ఫలక్‌నుమా గుట్ట దిగి చాంద్రాయణగుట్ట దిక్కు పోతే బార్కస్ వస్తుంది. బ్యారక్స్ అన్న మాటే నోట్లో తిరిగి బార్కస్ అయ్యింది. అక్కడ ఉన్నోళ్ళు యెమెన్‌లో హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కూలికి, కాపలాకి వచ్చిన అరబ్బుల పిల్లలు. మనోళ్ళు చావుష్‌లు అంటరు. ఇప్పటికీ లుంగీలు కట్టుకొని తిరుగుతరు, పొద్దున్నే హరీస్ అమ్ముతరు, అక్కడి జామకాయ పేరు పోయింది. నవాబుల మేడల వాకిళ్ళ ముందు తుపాకీ పట్టుకొని నిలబడింది వీళ్ళే. ఎడారి ఊళ్ళో తినడానికి లేక, ఓడెక్కి, ఏళ్ళకేళ్ళు పెళ్ళాం పిల్లల్ని వదిలి, దక్కన్‌లో జీతం సంపాదించి ఇంటికి పంపినోళ్ళు. మా సైట్‌లో యెమెన్ సెక్యూరిటీ పెద్దాయన ఒకాయనకు ఈ సంగతి వచ్చీ రాని అరబ్బీలో చెప్పినం. హైదరాబాద్ పేరు వినగానే, మా తాతల కాలంలో అక్కడికి పోయినోడు బంగారంతో వచ్చేవాడని చెప్పేవారని అన్నాడు. ఇప్పుడు మన ఊళ్ళల్లో సౌదీ గురించి అనేది అదే మాట.

రాజ్యం పోయాక ఫలక్‌నుమాకు చివరి పెద్ద అతిథి 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్. ఆ తర్వాత తాళం. 1967లో ఉస్మాన్ అలీ పోయాడు. వారసుడు మనవడు ముకర్రమ్ జా ఆస్ట్రేలియా పోయి గొర్రెల ఫారం కొన్నాడు, తర్వాత టర్కీలో ఉన్నాడు, 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోతే తీసుకొచ్చి మక్కా మసీదులో పెట్టారు. కోర్టు కేసులు, పన్నులు, దాయాదులు. యాభై ఏళ్ళు దగ్గర దగ్గర గుట్ట మీద ఇల్లు ఉత్తగా నిలబడింది. సున్నం గోడకు మనుషులు ఉండడం కావాలి. తలుపులు తెరిచి మూస్తూ ఉండాలి, గాలి ఆడాలి, కప్పు మీద ఆకు రాలితే ఊడ్చాలి. లేకపోతే వాన నీళ్ళు పోయే దారి మూసుకుపోయి, నీళ్ళు నిలిచి, చెమ్మ లోపలికి దిగుతుంది. మా ఊళ్ళల్లో తాళం వేసిన గల్ఫ్ ఇళ్ళకు నాలుగేళ్ళకే స్లాబు కారుతుంది, అది సిమెంటు. ఇది సున్నం, ఇంకా నయం, ఆగింది.

ముకర్రమ్ జా మొదటి భార్య, టర్కీకి చెందిన ఎస్రా, పూనుకొని దీన్ని నిలబెట్టింది. తాజ్ వాళ్ళకు లీజుకిచ్చి, పదేళ్ళు రిపేరు చేయించి, 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచారు. పాత నగరంలో చౌమహల్లా బాగు చేయించింది కూడా ఆమెనే, దానికి యునెస్కో అవార్డు వచ్చింది. కట్టింది తొమ్మిదేళ్ళు, బాగు చేసింది పదేళ్ళు. రిపేరు పని కొత్త పనికన్నా కష్టం అని మేము ఎప్పుడూ చెప్పేదే. 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఆ 101 మంది బల్ల మీదనే.

మేము చదివిన ప్రతి దాంట్లో నవాబు పేరుంది, మారెట్ పేరుంది, షాండిలియర్ కంపెనీ పేరుంది, బిలియర్డ్స్ బల్ల చేసిన లండన్ కంపెనీ పేరు కూడా ఉంది. రాయి కొట్టిన వడ్డెర పేరు, గానుగ తోలినోడి పేరు లేవు. అది ఫలక్‌నుమా ఒక్కదానికే జరిగింది కాదు. మా పక్కనే ధహ్రాన్‌లో ఇథ్రా ఉంది, పెద్ద గులకరాళ్ళు పేర్చినట్టు ఉంటుంది. ఎవరు కట్టారంటే నార్వే కంపెనీ స్నోహెట్టా అంటరు. వాళ్ళు గీశారు. ఆ వంకర గోడల మీద పైపు పక్కన పైపు పెట్టి బిగించినోళ్ళు వేరే ఉన్నరు.

పాలమూరు అన్న ఒకటి చెప్పాడు, అది రాసి ఆపుతం. ఆయన ఊరికి పోవాలంటే శంషాబాద్‌లో దిగి, సామాను ఎక్కువుంటే బండి, లేకపోతే కాచిగూడ నుంచి రైలు. ఫలక్‌నుమా స్టేషన్ దాటేటప్పుడు గుట్ట మీద తెల్లగా కనిపిస్తుంది. చిన్నప్పుడు నాయనతో హైదరాబాద్ కూలికి వస్తూ అదే కిటికీలోంచి చూసేవాడట. నాయన అది చూపించి, దాని మీద పని దొరికితే బాగుండు, ఎండాకాలం అంతా నీడ ఉంటది అనేవాడట. అప్పటికి అది తాళం వేసి ఉంది, పని ఏం లేదు.

హైదరాబాద్ పోయినోళ్ళు ఫలక్‌నుమా గదులకు డబ్బు పెట్టలేకపోతే సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధులు చూడండి. సున్నంలో చేసిన జాలీల పని, ఒక్కో జాలీ ఒక్కో రకం. తాపీ పని తెలిసినోళ్ళు గంట సేపు కదలరు. దాని మీద వచ్చే శుక్రవారం రాస్తం. ఫోటోలు ఉన్నోళ్ళు కింద పెట్టండి.